రాసివ్వమని అడగడమే

ఆసుపత్రి కేసులు చూసే లాయర్నంటే, డాక్టర్ల మీద పరిహారం దావాలు వేస్తాననుకుంటారు. అవి నా దగ్గర తక్కువ. సోంపేటలో నా గుమ్మం ఎక్కేవాళ్లలో సగానికి పైగా ఉద్దానం కిడ్నీ రోగులు. కవిటి, కంచిలి, మందస వైపు కొబ్బరి, జీడితోటల్లో కూలికెళ్లినవాళ్లు. రోగం ఎందుకొస్తోందో ఇదమిత్థంగా ఇప్పటికీ తేలలేదు. వాళ్లకి కావలసింది వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, నెలనెలా పింఛను, ఆసుపత్రిలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కార్డు చెల్లడం.

ఈమధ్య ఒక పెద్దాయన వచ్చారు. "పథకం అప్రూవల్ రాలేదట, ముందు డబ్బులు కట్టీమన్నారు లాయరమ్మా. ఏటి సేద్దుం?" చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా క్రియాటినిన్ రిపోర్టులు. ఆధార్‌లో ఇంటిపేరు ఉంది, రేషన్ కార్డులో లేదు. మనిషి ఒక్కడే, కంప్యూటరు లెక్కలో ఇద్దరు.

ఆయనతో పాటు ఆ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. "అప్రూవల్ రాలేదు కాబట్టి డబ్బు అడుగుతున్నామని లెటర్‌హెడ్ మీద రాసివ్వండి" అన్నాను.

"అలా రాసివ్వడం కుదరదు మేడం."

"పోనీ, కుదరదనే రాసివ్వండి."

కౌంటరు అమ్మాయి లోపలికెళ్లింది. పథకం రోగులకి సాయంగా ఆసుపత్రిలో ఉండాల్సిన ఆరోగ్యమిత్ర, అప్పటిదాకా సెలవులో ఉన్నవాడు, కారిడార్లో ప్రత్యక్షమయ్యాడు. తీరా చూస్తే అప్రూవల్ కోసం అసలు పంపనే లేదు! పేరు సరిచేయించాక పని జరిగింది.

చట్టం లేక కాదు ఈ తిప్పలు. 1992లో బెంగాల్‌లో హకీం షేక్ అనే కూలీ రైల్లోంచి పడ్డాడు. ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపేశాయి. 1996లో సుప్రీంకోర్టు, ఇది 21వ అధికరణం కింద జీవించే హక్కును కాలరాయడమేనంది, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోలేదని కూడా చెప్పింది. మా జూనియర్లకి ఈ తీర్పు కంఠతా వచ్చు. కౌంటరు దగ్గర మాత్రం నోరు పెగలదు!

కోర్టుదాకా పోనక్కర్లేని దారి ఇంకోటుంది. ఆసుపత్రి సేవల ఫిర్యాదులు పర్మనెంట్ లోక్ అదాలత్‌కి వెళ్లొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అయితే అక్కడా కాగితమే అడుగుతారు. నోటిమాటగా "లేదు పొమ్మన్నారు" అంటే దేన్ని పట్టుకుని వాదించను?

అందుకే, వైద్యం కాదన్న ప్రతిచోటా కారణం, తేదీ వేసి చీటీ ఇవ్వాలన్న ఒక్క వాక్యం పథకం నిబంధనల్లో చేర్చమని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాను. రసీదు తీసుకునే బయటికొచ్చాను.