డెస్క్‌టాప్ కొంటున్నారా? బ్రాండెడా, అసెంబుల్డా తేల్చేది మీ పని, మీ ఊరి కరెంటు

కంప్యూటర్ కొందామనుకున్న ప్రతివాళ్లూ మొదట అడిగేది "ఎంతలో వస్తుందండీ?" అని. గోదావరి జిల్లాల్లో ఉన్నవాళ్లు దానికంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. దీంతో రోజూ చేసే పనేంటి? ఇది ఆగిపోయిన రోజు ఎవరొచ్చి బాగుచేస్తారు, ఎన్నాళ్లకి? హైదరాబాదులో మదర్‌బోర్డు పోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి సాయంత్రానికి ఇంకోటి తెచ్చుకోవచ్చు. అదే బోర్డు అమలాపురంలోనో నరసాపురంలోనో పోతే, షాపువాళ్లు దాన్ని విజయవాడకో హైదరాబాదుకో వారంటీకి పంపి తెప్పించేసరికి వారాలు పట్టొచ్చు. ఈలోపు షాపు బిల్లింగ్ ఆగిపోతుంది, పెళ్లి ఆల్బమ్ డెలివరీ తేదీ దాటిపోతుంది.

పని ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, అను ఫాంట్లతో డీటీపీ, పిల్లల చదువు వరకే అయితే బ్రాండెడ్, అంటే కంపెనీయే బిగించి అమ్మేది తీసుకోండి. దీనికి ఐ3-12100 స్థాయి ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ సరిపోతాయి. ఈ స్థాయిలో అసెంబుల్డ్, అంటే విడిభాగాలు కొని బిగించుకున్నా మిగిలేది పెద్దగా ఉండదు, ఎంచేతంటే బ్రాండెడ్ ధరలో ఒరిజినల్ విండోస్ కూడా కలిసి ఉంటుంది. అసెంబుల్డ్ కొటేషన్‌లో చాలాసార్లు విండోస్ లైను అసలు కనపడదు. క్రాక్ చేసిన విండోస్ ఎక్కించి ఇచ్చేస్తారు. బ్యాంకు లాగిన్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడే మిషన్లో ఎవరో రాసిన యాక్టివేటర్ ప్రోగ్రాం నడవడం చాలా ప్రమాదం. అసెంబుల్డ్ ధరకి విండోస్ లైసెన్సు కలిపి, అప్పుడు బ్రాండెడ్‌తో పోల్చండి.

బ్రాండెడ్‌లో మనం డబ్బు పెట్టేది ఆన్‌సైట్ వారంటీకి. అంటే ఇంజినీరు పార్టు పట్టుకుని మన గుమ్మంలోకి రావాలి. కానీ ఆ సర్వీసు పిన్‌కోడ్‌ని బట్టి ఉంటుంది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం టౌన్లలో దొరికేది లంక గ్రామాల్లో దొరక్కపోవచ్చు. కొనకముందే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేసి, మోడల్ పేరు, మీ పిన్‌కోడ్ చెప్పి, "ఇంటికి వస్తారా, మేమే తేవాలా?" అని సూటిగా అడగండి. ఏడాది వారంటీతో వచ్చేదాన్ని మూడేళ్లకి పెంచుకునే వీలుంటే ఆ డబ్బు పెట్టండి. షాపులో కీబోర్డు, స్పీకర్లు ఉచితం అంటారు. వాటి బదులు ఇది అడగండి.

బ్రాండెడ్ మిషను పక్క డోరు తీయించి లోపల చూసి మరీ కొనాలి. చూడాల్సింది మొదట ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని లోపలి పార్టులకి మార్చి ఇచ్చే డబ్బా. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మోడళ్లు చాలావాటిలో ఇది 180 వాట్ల నుంచి 300 వాట్ల లోపే ఉంటుంది. బోర్డుకి వెళ్లే కనెక్టరు కూడా మామూలు 24 పిన్నులది కాకుండా ఆ కంపెనీ సొంత సైజులో ఉంటుంది. వారంటీ అయిపోయాక ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే తణుకులోనో పాలకొల్లులోనో షాపులో ఉన్నది దానికి పట్టదు. అదే మోడల్ పార్టు ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి. ఈ వాట్లలో గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలన్నా వేరే పవర్ కేబులు అక్కర్లేనిదే చూసుకోవాలి. 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 అలాంటిది: 70 వాట్లలో నడుస్తుంది, బోర్డు మీద కార్డు పెట్టే స్లాటు ఇచ్చే 75 వాట్లు చాలు. అదే 3050 పేరుతో ఉన్న 8 జీబీ కార్డుకి 130 వాట్లు, విడిగా పవర్ కేబులూ కావాలి. క్యాబినెట్ సన్నటిదైతే లో-ప్రొఫైల్, అంటే ఎత్తు తక్కువ కార్డే పడుతుంది.

తర్వాత ర్యామ్. ఒకే పుల్ల 8 జీబీ వేసి ఇచ్చి ఉంటారు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్లో స్క్రీన్ మీద బొమ్మ గీసే పనికి కూడా ఆ ర్యామే ఆధారం. ఒక పుల్ల బదులు రెండు వేస్తే ర్యామ్ అందించే వేగం రెట్టింపు అవుతుంది. 16 జీబీ కావాలంటే 8 చొప్పున రెండు అడగండి, రెండో స్లాటు ఉందో లేదో చూడండి. ర్యామ్ మనం వేసుకుంటే వారంటీ ఉంటుందా అన్నది కంపెనీ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట సర్వీసు రోజున పనికిరాదు.

పెళ్లి వీడియో ఎడిటింగ్, ఫొటో స్టూడియో, ఫ్లెక్సీ డిజైన్, ఆటోక్యాడ్, గేములు: వీటికి అసెంబుల్డే మేలు. ఎక్కడ ఖర్చుపెట్టాలో, ఎక్కడ తగ్గించాలో మన చేతిలో ఉంటుంది, ప్రతి పార్టూ బయట దొరికే సైజుదే.

ప్రాసెసర్ పేరు చివరి అక్షరాన్ని పట్టించుకోండి. ఇంటెల్‌లో ఐ5-12400కి లోపల గ్రాఫిక్స్ ఉంది, ఐ5-12400ఎఫ్‌కి లేదు. ఎఎమ్‌డీలో రైజెన్ 5 5600జీకి ఉంది, 5600కి లేదు. కార్డు ఎలాగూ కొంటున్నాం కదా, ఎఫ్ చవక కదా అని అంటారు. వీడియో ఎడిటింగ్‌కి మాత్రం ఎఫ్ వద్దు. ఇప్పటి కెమెరాల్లో చాలావాటి నుంచి వచ్చే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ అనే రకం వీడియో ఫైళ్లని ఇంటెల్ 11వ తరం నుంచీ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్సే తెరుస్తుంది. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డుల వరకు ఆ పని కార్డుకి రాదు. ఖరీదైన కార్డు వేసి కూడా టైమ్‌లైన్ ఆగి ఆగి నడవడానికి చాలా స్టూడియోల్లో ఇదే కారణం. ఇంకో లాభం, కార్డు వారంటీకి వెళ్లిన రోజుల్లో ఎఫ్ లేని మిషను ఎంతోకొంత పని చేస్తూనే ఉంటుంది.

ఇక బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ సంగతి. ఎఎమ్‌డీ వాళ్ల ఏఎం5 బోర్డు కొంటే రేపు కొత్త తరం ప్రాసెసర్ అదే బోర్డులో వేసుకునే అవకాశం ఉంది, డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. ఎల్‌జీఏ1700లో ఇంటెల్ 12, 13, 14వ తరాలతో కథ అయిపోయింది, కానీ డీడీఆర్4 పట్టే బోర్డులు దొరుకుతాయి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి పాత డెస్క్‌టాప్‌లో మంచి డీడీఆర్4 ఉంటే డీడీఆర్4 బోర్డు చూసుకుని దాన్ని వాడుకోవడం తెలివైన పని. 13, 14వ తరాల్లో పెద్ద ఐ5, ఐ7, ఐ9 తీసుకుంటే బోర్డులో ఉండే బయాస్ ప్రోగ్రాం కొత్తది ఎక్కించమనండి. వోల్టేజీ ఎక్కువై ప్రాసెసర్ చెడిపోయే లోపానికి ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి సవరణలు ఇచ్చింది. షాపులో ఎప్పట్నుంచో ఉన్న బోర్డులో అవి ఉండవు.

క్యాబినెట్‌కి గాజు డోరు, రంగురంగుల లైట్లు అక్కర్లేదు. ముందు జాలీ, దుమ్ము ఫిల్టరు, రెండు ఫ్యాన్లు ఉంటే సరి. క్యాబినెట్‌తో పాటు "450 వాట్స్" అని స్టిక్కరేసి వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం తీసి పక్కన పెట్టించండి. కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, పేరున్న కంపెనీది, 550 వాట్లది విడిగా కొనండి. స్టిక్కరు మీద ఇన్‌పుట్ ఎంతో చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే వోల్టేజీ బాగా పడిపోయినా తట్టుకుంటుంది. 200-240 అని ఉంటే భీమవరం, ఉండి, ఆకివీడు వైపు పల్లెల్లో ఇబ్బంది పెడుతుంది. రాత్రిళ్లు చేపల, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లన్నీ అప్పుడే తిప్పుతారు, ఆ లోడుకి వోల్టేజీ దిగుతుంది. కరెంటు పోయి వచ్చిన క్షణం, మోటార్లన్నీ ఒక్కసారి లాగినప్పుడు ఇంకా కష్టం. గ్రాఫిక్స్ కార్డులో రెండు వేలు తగ్గించైనా సరే, ఎస్‌ఎంపీఎస్ మంచిది వేయించండి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు బోర్డుని, ఎస్‌ఎస్‌డీని కూడా తీసుకుపోతుంది.

బిగించేటప్పుడు పక్కన ఉండండి, లేదా మీరే బిగించండి. ఎల్‌జీఏ సాకెట్లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ప్రాసెసర్ని నిలువుగా దించాలి, జారవిడిస్తే పిన్ను వంగుతుంది, వంగిన పిన్నుకి వారంటీ ఇవ్వరు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయాలి. ఇంటెల్ బాక్సు కూలర్ నాలుగు కాళ్లూ టిక్కుమని దిగాలి, ఎదురెదురు మూలలు నొక్కుతూ రావాలి. ఒక కాలు పైకి లేచి ఉన్నా మిషను నడుస్తుంది, కానీ మే నెల ఎండల్లో వేడెక్కి నెమ్మదిస్తుంది. నాలుగు ర్యామ్ స్లాట్లున్న బోర్డులో రెండు పుల్లలైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోదీ. బోర్డుకి 24 పిన్నుల కేబులే కాదు, పై మూలలో ప్రాసెసర్‌కి 8 పిన్నులది కూడా పెట్టాలి. అది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. మానిటర్ కేబులు కార్డుకి పెట్టాలి, బోర్డుకి కాదు. డీడీఆర్5 మిషను మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకోడానికి కొన్ని నిమిషాలు నల్లతెరతోనే ఉంటుంది. పాడైందనుకుని స్విచ్ కట్టేయకండి. విండోస్ ఎక్కించేముందు బయాస్‌లోకి వెళ్లి ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయించండి. లేకపోతే డబ్బు పెట్టి కొన్న వేగం రాదు.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? చాలామంది కంప్యూటర్ షాకు కొడుతోందని షాపుకి మోసుకెళ్తారు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్తుకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. గోడ సాకెట్లో ఎర్తు లేకపోతే వాటి మధ్య క్యాబినెట్ దాదాపు సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర నిలబడుతుంది. కరెంటు స్వల్పమే కానీ పెన్‌డ్రైవ్ పెట్టినా, హెచ్‌డీఎంఐ కేబులు పెట్టినా పోర్టు కాలిపోడానికి చాలు. మల్టీమీటరుతో చూడండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర, ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా అంతే, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఫేజు-ఎర్తు మధ్య 60, 90 అంటూ ఊగుతుంటే ఎర్తు లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొత్తగా వేయించండి. ఉప్పునీటి ఊళ్లలో ఎర్తు కోసం భూమిలో దింపిన జీఐ పైపు త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి ఏడాదికోసారి మళ్లీ కొలిపించండి.

ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకంటారు. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ ఎకో మోడ్‌లో మారేసరికి అంతకంటే ఎక్కువ పడుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో త్వరగా మారుతుంది. కానీ ఆ మోడ్‌లో చాలా ఇన్వర్టర్లు 180 వోల్టుల కింద కరెంటుని తీసుకోవు, వోల్టేజీ పడ్డప్పుడల్లా బ్యాటరీకి వెళ్లిపోతాయి. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. కంప్యూటర్‌కి విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టండి, దాని అసలు శక్తి 360 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని మిషను, మానిటర్ కలిపి పది పదిహేను నిమిషాలు లాగుతుంది, ఫైలు సేవ్ చేసుకోడానికి అది చాలు. కార్డు ఉన్న మిషనుకి 1100 వీఏ. ప్రింటరు, ముఖ్యంగా లేజర్ ప్రింటరు, దానికి తగిలించకండి. పక్క డాబా మీద నుంచి లాన్ వైరు లాగి ఇంటర్నెట్ తీసుకున్నవాళ్లు ఉరుములప్పుడు ఆ వైరు పీకేయండి. పిడుగు దగ్గర్లో పడితే ముందు పోయేది బోర్డు మీద లాన్ పోర్టే.

ఉప్పాడ, అంతర్వేది వైపు సముద్రపు గాలికి ర్యామ్ పుల్లల కాంటాక్టులు మసకబారతాయి. కొన్నాళ్లు వాడకుండా ఉంచిన మిషను వర్షాకాలంలో ఆన్ చేస్తే నల్లతెరే కనిపించేది ఇందుకే. స్విచ్ తీసేసి, ర్యామ్ ఊడదీసి, తెల్ల రబ్బరుతో కాంటాక్టులు మెల్లగా రుద్ది, పొడి దులిపి తిరిగి పెడితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. వానల్లో రోజూ కాసేపైనా ఆన్ చేస్తే ఆ వేడికి లోపల తేమ ఆరుతుంది. క్యాబినెట్ నేలమీద పెట్టొద్దు. చీమలు, బల్లులు వెనక నుంచి ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరతాయి.

సెకండ్‌హ్యాండ్ ఆఫీసు మిషన్లు చవగ్గా వస్తున్నాయి. ఐ5 అని చెప్పి అమ్ముతారు, ఎన్నో తరమో అడగండి. ఇంటెల్‌లో 8వ తరం కంటే ముందువైతే, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 జాబితాలో లేవు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

బిల్లు జీఎస్టీతోనే తీసుకోండి, అసెంబుల్డ్ అయితే ప్రతి పార్టు పేరు, సీరియల్ నంబరు విడివిడిగా రాయించండి. "కంప్యూటర్ సెట్ 1" అని ఒక్క లైను రాసిస్తే ఏ పార్టుకీ వారంటీ అడగలేరు. ప్రాసెసర్ సీలు బాక్సులో వచ్చిందా, విడిగా ట్రేలో వచ్చిందా చూడండి. ట్రేది చవక, కానీ కంపెనీ నేరుగా వారంటీ ఇవ్వదు, షాపు ఇచ్చిందే వారంటీ. ఇంటికొచ్చాక మొదటి వారంలోనే, మార్చి ఇచ్చే గడువు దాటకముందు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్తదైతే సున్నాకి దగ్గరగా ఉండాలి, వందల్లో ఉంటే వాడేసింది అంటగట్టినట్టే. ఒక రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి, ఒక్క తప్పు చూపించినా ర్యామ్ మార్పించండి. షాపు బిల్లు థర్మల్ కాగితమైతే ఆరునెలల్లో అక్షరాలు చెరిగిపోతాయి, ఆ రోజే ఫొటో తీసి దాచండి. ప్రాసెసర్ బాక్సు, దాంతో వచ్చిన ఫ్యాను పారేయకండి, వారంటీకి పంపేటప్పుడు అవి కూడా అడుగుతారు.