‘పోల్’ అనే మాట దగ్గర నేను పోగొట్టుకున్న మార్కు: గ్రూప్-1 ప్రిపరేషన్ అనుభవం

మిత్రులారా, ప్రిలిమ్స్‌కు చదువుతున్న రోజుల్లో రాసిన ఒక మాక్ టెస్టులో, 1381లో ఇంగ్లండ్ రైతుల తిరుగుబాటును రగిలించిన ‘పోల్ ట్యాక్స్’ ఎటువంటి పన్ను అని అడిగితే, ఓటు వేయడానికి కట్టే పన్ను అన్న ఆప్షన్‌ను క్షణం ఆలోచించకుండా గుర్తించాను. పోలింగ్, పోలైన ఓట్లు అని రోజూ పత్రికల్లో చదివే మాటే కదా అనుకున్నాను. నెగెటివ్ మార్కు పడింది.

ఆ సాయంత్రం నిఘంటువు తీస్తే, పోల్ అంటే మొదట తల, అందులోనూ నడినెత్తి, అని ఉంది. తలకింత చొప్పున వసూలు చేసేది కనుక అది పోల్ ట్యాక్స్. మనం తలసరి ఆదాయం అనడంలో ఉన్న తల వంటిదే ఇదీ. అక్బరు 1564లో రద్దు చేయగా ఔరంగజేబు 1679లో తిరిగి విధించిన జిజియాను (ముస్లిమేతరులపై వేసిన పన్ను) ఇంగ్లీషు పుస్తకాలు పోల్ ట్యాక్స్ అని ఎందుకు రాస్తాయో అప్పుడు బోధపడింది. తలలు లెక్కించి ఎవరి పక్షాన ఎందరున్నారో తేల్చడం నుంచి ఓటింగ్ అనే అర్థం వచ్చింది.

అయితే అమెరికాలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, ఈ తలపన్ను కట్టినవారికే ఓటు అనే షరతు చాలాకాలం ఉండేది. పేద నల్లజాతీయులను పోలింగుకు దూరంగా ఉంచిన ఆ షరతును ఫెడరల్ ఎన్నికల వరకు 1964లో 24వ రాజ్యాంగ సవరణ తొలగించింది. ఆ తప్పు ఆప్షన్‌కు మూలం ఇదే కావచ్చు గానీ, అక్కడ కూడా పన్ను పేరు తల నుంచి వచ్చినదే.

నోట్సులో ఒక పేజీ మధ్యన పెన్సిలుతో తల బొమ్మ గీసి, చుట్టూ ఈ అర్థాలన్నీ రాసుకున్నాను. కొమ్ములు లేని పశువు పోల్డ్, తల నరికి చిగుళ్లు వేయించిన చెట్టు పొలార్డ్. ఆ బొమ్మ గీశాక వాటిని మళ్లీ బట్టీ పట్టవలసిన అవసరం రాలేదు.

పాలిటీలో (రాజ్యాంగం, పాలన పాఠాల్లో) మాత్రం పోల్ పక్కనున్న మాటను గమనించక తప్పదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 57వ సెక్షన్ అల్లర్లు, ప్రకృతి వైపరీత్యాల వంటి సందర్భాల్లో వాయిదా వేయమనే పోల్ ఓటింగ్ ప్రక్రియ; 126ఎ సెక్షన్ నియంత్రించే ఎగ్జిట్ పోల్ ఓటర్ల నుంచి సేకరించిన అభిప్రాయం. ఈ రెండు సెక్షన్లనూ ఒకే రోజు, పక్కపక్కన పెట్టుకుని చదవండి.