లాక్‌డౌన్ డ్రిల్

ఈరోజు స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ జరిగిందట, అంటే తుపాకీతో ఎవడైనా చొరబడితే ఎలా దాక్కోవాలో పిల్లలతో చేయించే సాధన. "లైట్లు ఆపేసి గోడ పక్కన కూర్చున్నాం అమ్మా, నేను అస్సలు మాట్లాడలేదు" అని మా పాప గొప్పగా చెప్పింది. దానికి ఆరేళ్లు. లంచ్ బాక్సు పట్టుకుని సింకు దగ్గరే నిలబడిపోయాను.

మేముండేది డాలస్ పక్కన. 2023 మే 6న ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఏఆర్-15 తరహా రైఫిల్‌తో ఒకడు ఎనిమిది మందిని చంపేశాడు. వాళ్లలో మన హైదరాబాద్ అమ్మాయి కూడా ఉంది. మేమూ బట్టలు కొనేది అక్కడే. అంతకు ముందు ఏడాది మా టెక్సాస్‌లోనే యువాల్డే ఊరి స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఇలాగే బలయ్యారు.

ఇలాంటి తుపాకుల అమ్మకంపై అమెరికాలో 1994 నుంచి 2004 దాకా నిషేధం ఉండేది. లొసుగులున్న మాట నిజమే, అప్పటికే ఉన్నవాటిని ఉంచుకోనిచ్చారు. ఆ లొసుగుల్ని సరిచేయాల్సింది పోయి, గడువు తీరగానే చట్టాన్నే వదిలేశారు.

ఇంటి రక్షణకు తుపాకి ఉంచుకునే మా పక్కింటాయనతో నాకు పేచీ లేదు. మా పాపకు సైకిల్ నేర్పింది ఆయనే. కానీ నిమిషాల్లో ఇంతమందిని చంపే ఆయుధం దుకాణంలో దొరకకూడదు. రాష్ట్రానికో రూలుంటే సరిహద్దు దాటి తెచ్చుకుంటారు, దేశమంతటికీ ఒకటే నిషేధం కావాలి.

నాకింకా ఇక్కడ ఓటు లేదు. అయినా మా కాంగ్రెస్ ప్రతినిధి ఆఫీసుకు ఇవాళ ఫోన్ చేశాను. రేపూ చేస్తాను.