చికిత్స అయిపోయింది, భయం అవలేదు

"అంతా అయిపోయింది కదమ్మా, ఇంకా దిగులెందుకు?" అమలాపురంలో ఎదురైన ప్రతివారిదీ ఇదే ప్రశ్న. ప్రేమతోనే అడుగుతారు, తెలుసు. కానీ రొమ్ము క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ జరుగుతున్నన్నాళ్లూ నాకు భయపడే తీరికే లేదు. కాకినాడ ప్రయాణాలు, రక్తపరీక్షలు, బిల్లులు. అవన్నీ ఆగాకే, జబ్బు మళ్లీ వస్తుందేమోనన్న అసలు భయం మొదలైంది.

నడుము నొప్పి పెడితే ఎముకలకు పాకిందేమో అనిపిస్తుంది. వరి కోతల దుమ్ముకు ఊరంతా దగ్గుతున్నా, నా దగ్గు మీదే నాకు అనుమానం. మరచిపోదామన్నా క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ వేసుకునే టామాక్సిఫెన్ మాత్ర మరవనివ్వదు. కనీసం 5 ఏళ్లు వాడాలట.

ఈ భయం చాలామందికి ఉండేదేనని డాక్టరు గారు చెప్పినప్పుడు సగం బరువు దిగింది. మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే); లక్షణాలేవీ లేకుండా మిగతా స్కాన్లు అక్కర్లేదన్నారు. కొత్త గడ్డ కనిపించినా, నొప్పి తగ్గకపోయినా ముందే రమ్మన్నారు. అందుకే ఏ నొప్పి వచ్చినా తేదీ వేసి నోటు పుస్తకంలో రాస్తున్నాను. చాలా నొప్పులు పేజీ తిప్పేలోపే పోతున్నాయి!

సాయంత్రాలు కాలువ గట్టు మీద నడుస్తున్నాను. అర్ధరాత్రి ఫోనులో రోగలక్షణాలు వెతకడం మానేశాను. భయం మరీ ఉక్కిరిబిక్కిరి చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే వారం మళ్లీ చెకప్. వదిన తోడు వస్తానంది. దారిలో ధైర్యం చెప్పకూడదన్న షరతు మీద సరేనన్నాను.