హన్మకొండ నుంచి తెల్ల పాస్‌పోర్ట్: నా అనుభవం

మా అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్ నుంచి వియత్నాంల వరి సాగు ట్రైనింగ్‌కు నా పేరు పోయింది. జీవో వచ్చినంక ఆఫీసుల అందరు సంతోషపడ్డరు గానీ, అఫీషియల్ పాస్‌పోర్ట్ ఎట్ల తీస్కోవాలె అనడిగితే ఒక్కరికి కూడ తెల్వదు. హైదరాబాద్‌ల పెద్ద ఆఫీసులల్ల ఉన్నోళ్లకు చెప్పేటోళ్లు దొరుకుతరు, జిల్లాలల్ల ఉన్న మనకు ఎవ్వరు చెప్పరు, అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

మామూలుది నీలం అట్ట, సర్కారు పని మీద పోయేటోళ్లకు తెల్ల అట్ట, డిప్లొమాట్లకు మెరూన్. వరంగల్ హెడ్ పోస్టాఫీసుల సేవా కేంద్రం ఉంది గదా అని అందరు అటే పొమ్మంటరు, కానీ అది మామూలు పాస్‌పోర్ట్‌లకు. తెల్లదానికి ఢిల్లీల పటియాలా హౌస్ అనెక్స్‌ల ఉన్న సీపీవీ డివిజన్‌ల (విదేశాంగ శాఖల పాస్‌పోర్ట్‌లు, వీసాలు చూసే విభాగం) ఇయ్యాలె, లేదంటే సికింద్రాబాద్ రీజినల్ పాస్‌పోర్ట్ ఆఫీసుల. నేను సికింద్రాబాద్‌లనే ఇచ్చిన. ఫామ్ మాత్రం పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లనే నింపాలె, డిప్లొమాటిక్, అఫీషియల్ అని వేరే ఆప్షన్ ఉంటది. ఫీజు లేదు.

అసలు పని ఫామ్‌ది కాదు, దానికంటే ముందు వచ్చే కాయితాలది. విదేశాంగ శాఖ పొలిటికల్ క్లియరెన్స్, అంటే ఈ ప్రయాణానికి వాళ్ల అనుమతి, కావాలె, అది మనం పెట్టుకునేది కాదు, డిపార్ట్‌మెంట్ తరఫునే పోవాలె, అందుకని జీవో చేతికి రాంగనే సెక్షన్‌ల అడుగుడు మొదలువెట్టాలె. మా ఫైలు ఒక టేబుల్ మీద చానా రోజులు కదలలే, ఆ సీటాయన లీవ్‌ల ఉండె, ఇంకొకాయన నాకు సంబంధం లేదన్నడు, తారీఖు దగ్గరికొస్తుంటె నాకు రాత్రులు నిద్ర పట్టలే. ఆఖరికి మా సూపరింటెండెంట్ సార్ సొంతంగ ఫోన్ చేసి ఫైలు కదిలించిండు, ఆయన మేలు మర్చిపోను.

ఇంకోటి, ఇంట్ల నీలం పాస్‌పోర్ట్ ఉంటే అది ముందు అప్పజెప్పాలె. దాన్ని సేఫ్ కస్టడీల పెట్టినట్టు సర్టిఫికెట్ ఇస్తరు, ఆ ఒరిజినల్ కాయితం తెల్లదాని అప్లికేషన్‌కు జతచెయ్యాలె. మా బిడ్డ అమెరికాల ఉంటది, తెల్లదాని మీదనే అటు కూడ పోయి రావొచ్చు గద మేడమ్ అని ఒకరిద్దరు అన్నరు. పోరాదు, అది సర్కారు పనికే.

పేరు సంగతి కూడ జాగ్రత్తగ చూసుకోండి. మన సర్వీస్ రిజిస్టర్‌ల ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటది, ఆధార్‌ల పూర్తిగ ఉంటది, ఫామ్‌ల ఇంటిపేరు విడిగ పూర్తిగ రాయాలె. హెడ్ ఆఫ్ ఆఫీస్ ఇచ్చే సర్టిఫికెట్‌ల ఏ పేరు ఉంటదో ఫామ్‌ల అదే ఉండాలె. నేను సర్టిఫికెట్ టైప్ చేయించేటప్పుడు పక్కనే కూసొని ఆధార్ ముందు పెట్టి అక్షరం అక్షరం సరిచూసిన, కింద సార్ సంతకం, పేరు ముద్ర, గుండ్రం ఆఫీసు ముద్ర మూడూ స్పష్టంగ పడ్డయా లేదా అని చూసినంకనే లేచిన. గుండ్రం ముద్ర సగమే పడితే ఇంకోసారి కొట్టించిన. కౌంటర్‌ల మేడమ్ ఫస్టు చూసింది కూడ ఆ ముద్రనే.

సికింద్రాబాద్ పోయేనాడు కాజీపేట నుంచి పొద్దుగాల బండికే పోండి, కవరింగ్ లెటర్, ఐడీ కార్డ్, జీవో అన్నీ ఒరిజినల్స్, జిరాక్స్‌లు రెండూ పెట్టుకోండి. పాస్‌పోర్ట్ వచ్చింది. వియత్నాంకు మన అఫీషియల్ పాస్‌పోర్ట్ ఉన్నోళ్లకు వీసా అక్కర్లే, అది నాకు పెద్ద ఊరట. వీసా కావాల్సిన దేశమైతే విదేశాంగ శాఖ నుంచి వీసా నోట్ (వీసా ఇయ్యుమని ఆ దేశం ఎంబసీకి రాసే లెటర్) తీస్కోవాలె, దానికి కూడ టైమ్ లెక్కేసుకోండి.

ట్రైనింగ్ అయి వచ్చినంక తెల్లది మన దగ్గర దాచుకునుడు ఉండది. నేను వచ్చిన వారంలనే ఆఫీసుల అప్పజెప్పి, నంబర్ రాసి సంతకం పెట్టిన రసీదు తీస్కున్న, అది చూపించి నీలంది వాపస్ ఇయ్యుమని దరఖాస్తు పెట్టిన.