నా ఉద్ది ఎదురుచూస్తా ఉంటుంది

పోయినేడు సంక్రాంతి అయ్యాక రక్తపరీక్ష చేయించుకుంటే షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. మందులు ఇప్పుడే వద్దు, రోజూ నడవండి అని చెప్పి పంపేశారు డాక్టరు గారు. తిరుపతిలో ఉండి నడవడానికి చోటు లేదంటే నవ్వుతారు, అలిపిరి నుంచి కొండకు 3550 మెట్లున్నాయి, వారానికి రెండుసార్లు ఎక్కి వచ్చేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. నేను అంత దూరం పోలేదులెండి. ఇంటి చుట్టుపక్కల అరగంట నడిచేదాన్ని, ఆ అరగంటలో పదిసార్లు ఫోన్లో టైమ్ చూసుకునేదాన్ని. మూడు వారాలు సాగింది. తర్వాత చుట్టాలొచ్చారు, తర్వాత జలుబు చేసింది, ఆ తర్వాత కారణం కూడా అక్కర్లేకపోయింది.

అట్లాంటప్పుడు ఎదురింటి అక్క వచ్చి, "ఏం మే, సాయంత్రం గుడికాడికి రా, కోలాటానికి ఒక మనిషి తక్కువైంది" అనింది. నాకు రాదక్కా అన్నాను. "ఎవురికొచ్చింది? కర్రలు పట్టుకోని నిలబడు, అడుగులు అవే వస్తాయి." నా షుగర్ సంగతి ఆమెకు తెలియనే తెలియదు, ఆమెకు కావాల్సింది సరిసంఖ్య. కోలాటంలో ప్రతి మనిషికీ ఎదురుగా ఒక జత ఉండాలి, దాన్నే ఉద్ది అంటారు. ఒకరు తక్కువైతే ఒకరి కోల తగలడానికి చోటుండదు.

మొదటి రోజు నా కోల పోయి పక్కామె బొటనవేలికి తగిలింది. రెండోరోజు నా వేలికే. నలభై ఏడేళ్ళ వయసులో కుడి ఏదో ఎడమ ఏదో తెలియక పదేళ్ళ పిల్లల మధ్య తిరుగుతుంటే ఎంత సిగ్గుగా ఉంటుందో చెప్పలేను. అయితే పాట మొదలైనప్పుడు నిదానంగా ఉండే తాళం చివరికి వచ్చేసరికి పరుగందుకుంటుంది, అప్పుడు ఎవరు చూస్తున్నారో చూసే తీరిక ఉండదు, కోల కోలకు తగిలిందా లేదా అంతే. నలభై నిమిషాలయ్యాక గురువు ఆపారు. ఫోన్ ఎక్కడ పెట్టానో వెతుక్కోవాల్సి వచ్చింది.

సిగ్గు గురించి ఒక మాట. మా ఆయన సొంత చెల్లెలి పెళ్ళిలో కూడా కాలు కదపని మనిషి. అదే మనిషి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషం కట్టి, డప్పు మోగితే వీధంతా ఆయనదే. ఆడడం రాని మనుషులు మన ఊళ్ళో చాలా తక్కువ, ఆడడానికి ఒక సాకు దొరకనివాళ్ళే ఎక్కువ అని నాకు అనిపిస్తుంది.

ఒంటికి ఏం జరుగుతుందంటే, నాకు అర్థమైనంత చెప్తాను. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక మాదిరి అంటే మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. మాకు గురువు పాడి వదిలిన చరణానికి మేం పల్లవి అందుకోవాలి కదా, అక్కడే తెలిసిపోతుంది, సగం మంది పెదవులు మాత్రమే ఆడిస్తుంటారు. వారానికి ఐదు రోజులు, రోజుకు నలభై నిమిషాలు, లెక్క దాటిపోయింది. తొడలూ పిక్కలూ పెద్ద కండరాలు, అవి పని చేస్తున్నప్పుడు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. ఇంకొకటి, అడుగు నేలకు తాకిన ప్రతిసారీ ఎముక మీద బరువు పడుతుంది, ఎముక గట్టిగా ఉండడానికి అది కావాలి. ఈత మంచిదే, కానీ నీళ్ళలో ఆ బరువు పడదు. నెలసరి ఆగే వయసుకొచ్చిన ఆడవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

నా మూడు నెలల సగటు షుగర్ (HbA1c అనే పరీక్ష) 6.1 శాతం నుంచి 5.8 శాతానికి వచ్చింది. మొత్తం కోలాటం మహిమే అని చెప్పను, రాత్రిపూట అన్నం మానేసి రాగి సంగటి, అదీ చిన్న ముద్ద తింటున్నాను. కోలాటం చేసొచ్చాక పెద్ద ముద్ద తినాలనిపిస్తుంది, ఆ గండం కూడా ఉంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించింది మెదడు సంగతి. అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 469 మందిని కొన్నేళ్ళపాటు గమనించి 2003లో ఒక వైద్య పత్రికలో రాశారు. చదవడం, వాద్యం వాయించడం లాంటివాటితో పాటు డాన్స్ చేసేవాళ్ళలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. ఒంటితో చేసే పనుల్లో అట్లా కనిపించింది డాన్స్ ఒక్కటే. మెదడు బాగున్నవాళ్ళే డాన్స్‌కి పోతారేమో అని కూడా అనుకోవచ్చు, కాబట్టి దీన్ని మందు చీటీలాగా చదవకూడదు. కానీ జడ కోలాటం ఆడినవాళ్ళకు ఇందులో వింతేమీ తోచదు. పైనుంచి వేలాడే తాళ్ళు తలా ఒకటి పట్టుకుని, లోపలికీ బయటికీ తిరుగుతూ జడ అల్లాలి, మళ్ళీ అవే అడుగులు వెనక్కి వేసి విప్పాలి. ఒక్కరు దారి తప్పితే ముడి పడి అందరూ ఆగిపోతారు. ఆ వెనక్కి వేసే అడుగులు గుర్తుపెట్టుకోవడానికి నేను వంటింట్లో గరిటెలతో సాధన చేశాను, మా అమ్మాయి వీడియో తీసింది, అది ఎవరికీ చూపించను.

నష్టాలు కూడా రాయాలి. గుడి ముందు చెప్పులేసుకోలేం, కింద సిమెంటు నేల, నేనేమో ఉత్సాహంతో మొదటి నెల నుంచే ఎగిరాను. ఎడమ మడమ పట్టేసింది. ముందు ఐదు నిమిషాలు పిక్కలు సాగదీయమని గురువు రోజూ చెప్పేవారు, నేను ఆ టైముకు కబుర్లు చెబుతూ ఉండేదాన్ని. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే మొదలుపెట్టండి, ఎగరకుండా కూడా కోలాటం బ్రహ్మాండంగా ఆడొచ్చు.

మడమ పట్టేసినప్పుడు ఇంట్లో కూర్చున్నాను. నిజానికి మూడోరోజుకే నొప్పి తగ్గింది, మళ్ళీ ఆ పాత బద్ధకం వచ్చి పక్కన కూర్చుంది, నడక మానేసినప్పటిలాగే. అప్పుడు ఫోన్ మోగింది. నా ఉద్ది, అరవై ఎనిమిదేళ్ళ పెద్దమ్మ, పూలు కట్టి అమ్ముతుంది. ఒంట్లో ఎట్లుందని కూడా అడగలేదు.

"పాపా, ఎప్పుడొస్తావు? నాలుగు దినాలుగా గాలికి కొడతా ఉండాను."