ఉక్కపోతలో చీజ్ వేట

నిఘంటువుల్లో చీజ్ అన్న మాటకు జున్ను అని అర్థం రాసి ఉంటుంది. కోనసీమలో, గేదె ఈనినప్పుడల్లా జున్ను తింటూ పెరిగిన నాకు ఆ అర్థం ఎన్నడూ మింగుడుపడలేదు. ఈనిన తొలి రోజుల పాలలో దూడను రోగాల నుంచి కాపాడే ప్రోటీన్లు మెండుగా ఉంటాయి కనుక, బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉంచితే అవి కోడిగుడ్డు ఉడికినట్టు బిగుసుకుంటాయి. చీజ్ దారి వేరు. రెన్నెట్ అనే ఎంజైముతో మామూలు పాలను గడ్డ కట్టించి, ఆ గడ్డను కోసి, నీరు వార్చి, ఉప్పు పట్టించి, చాలా రకాలను నెలల తరబడి మాగబెడతారు. జున్ను ఆ పూటకు తినేసేది. చీజ్ పాలను దాచుకునే ఉపాయం.

అందుకే నా వేటలో రుచితో పాటు మరొక ప్రశ్న కూడా ఎప్పుడూ ఉంటుంది: ఈ చీజ్ మా ఉక్కపోతకు తట్టుకుంటుందా?

రోక్‌ఫోర్ తట్టుకోలేదు. దక్షిణ ఫ్రాన్సులో, కొంబలూ కొండ పగుళ్ల గుండా చల్లని తేమగాలి వీచే గుహల్లో మాగే గొర్రెపాల చీజ్ అది. దాని నీలిచారలు ఒక జాతి బూజు వల్ల ఏర్పడేవి. హైదరాబాదు నుంచి ఐసు పెట్టెలో పెట్టి రాత్రి బస్సులో తెచ్చుకున్నాను. మర్నాడు పగలంతా కరెంటు లేదు. సాయంత్రానికి అది చెమర్చి, ఘాటెక్కి, ఇల్లంతా వాసన నింపింది. "ఏరా, బూజట్టినదానికి అంత డబ్బెట్టావా?" అని అమ్మ అడిగింది. ఎండురొయ్యల వేపుడును ఏ మాత్రం ముక్కు మూసుకోకుండా వండే ఇంట్లో ఆ మాట కొంత అన్యాయమే అనిపించినా, నీలిబూజు పక్కన మా ఊరి బూజు కూడా వచ్చి చేరిందేమోనన్న అనుమానంతో ఆ ముక్కను నేనే పారేశాను.

ఇటలీలో చేసే గట్టి చీజ్ పార్మిజానో రెజ్జానో అటువంటి బెంగ పెట్టదు. సుమారు 550 లీటర్ల ఆవుపాలతో దాదాపు 40 కిలోల చక్రం ఒకటి తయారవుతుంది; దాన్ని ఉప్పునీటిలో రోజుల తరబడి నానబెట్టి, కనీసం 12 నెలలు మాగబెడతారు. తేమ తక్కువ, ఉప్పు ఎక్కువ కావడంతో సూక్ష్మజీవులు త్వరగా చేరవు. పంటి కింద కరకరలాడే తెల్లని పలుకులు ఉప్పు కావు. ప్రోటీన్లు విడిపోయి పేరుకున్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లపు స్ఫటికాలు. కలాకండలోని పలుకును ఇష్టపడే నాలుకకు అవి కొత్తగా తోచవు. ఈ చీజ్‌కు ముందురోజు గడ్డ నుంచి వార్చగా మిగిలిన పాలనీటినే పులియబెట్టి మర్నాటి పాలలో కలుపుతారని చదివినప్పుడు, మా మామ్మ రాత్రిపూట పాలలో తోడు వేసే తీరు గుర్తుకు వచ్చింది.

అయితే నన్ను ఎక్కువగా పట్టి పీడించింది మొజ్జరెల్లా. ఇటలీలోని కంపానియాలో అసలు రకాన్ని పూర్తిగా గేదెపాలతోనే చేస్తారు. పాడిగేదెలు లేని వీధి అరుదైన ఊరిలో ఉంటూ, అదే చీజ్‌ను ప్లాస్టిక్ డబ్బాలో కొనుక్కోవడం నాకు చిన్నతనంగా తోచింది. గేదెపాలలో వెన్న సుమారు ఏడు శాతం ఉంటుంది, కాల్షియమూ ఎక్కువే కనుక గడ్డ త్వరగా, గట్టిగా పడుతుంది. పాలకు కావలసిన 35 డిగ్రీల వేడి మే నెలలో మా వంటింట్లో ఉచితంగానే దొరుకుతుంది. చిక్కు ఆ తరువాత వచ్చింది. గడ్డ తగినంత పులిసి, కొంత కాల్షియం వదులుకున్నప్పుడే అది వేడినీళ్లలో రబ్బరులా సాగుతుంది. తక్కువ పులిస్తే తెగిపోతుంది, ఎక్కువ పులిస్తే పలుకులుగా విరిగిపోతుంది. మొదటిసారి తొందరపడ్డాను. రెండవసారి మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి గడ్డ హద్దు దాటిపోయింది. మూడవసారి పావుగంటకొకసారి చిన్న ముక్కను వేడినీటిలో ముంచి పరీక్షిస్తూ కూర్చున్నాను. అది సాగింది. గుండ్రంగా చుట్టి ఉప్పునీటిలో వేసిన రెండు ఉండలూ కొంచెం గట్టిగానే వచ్చాయి గాని, కోసినప్పుడు పాలు చెమర్చాయి. అంతకు మించిన గర్వం నాకు ఈ మధ్య కాలంలో కలగలేదు.

సైప్రస్ దేశపు చీజ్ హల్లూమిని వేడి పాలనీటిలో ఉడికించి ఉప్పునీటిలో దాస్తారు. పులుపు తక్కువ కనుక పెనం మీద వేసినా కరిగి పారదు. దోసెల పెనం మీద కాల్చి పుచ్చకాయ ముక్కతో తింటే వేసవి సాయంత్రానికి అంతకంటే ఏమీ అక్కర లేదు.

చివరకు నా ప్రశ్నకు తగిన సమాధానం మరో నదీముఖ ప్రాంతం నుంచే దొరికింది. బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున ఉన్న బండెల్ ఊరి పేరుతో పిలిచే చీజ్ పోర్చుగీసుల కాలం నుంచి వచ్చిందని చెబుతారు. అరచేతిలో ఇమిడే చిన్న బిళ్లలు. కొన్ని తెల్లనివి, కొన్ని పొగబెట్టినవి. వేడికీ తేమకూ ఉప్పుతోనూ పొగతోనూ బదులు చెప్పిన చీజ్ ఇది, మనం చేపలను ఎండబెట్టినట్టే. కోల్‌కతా వెళ్లిన మిత్రుడి చేత న్యూ మార్కెట్ నుంచి పది బిళ్లలు తెప్పించుకున్నాను. ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి రాత్రంతా నీళ్లలో నానవేసి, మర్నాడు పొడిచేసి వేడి అన్నంలో నెయ్యితో కలిపాను. అమ్మ రెండో ముద్ద అడిగింది. తొమ్మిది మిగిలాయి.